ఏడున్నర మిల్లీమీటర్లు

బెంగుళూరు నుండి హోసూరు వెళ్ళే జాతీయ రహదారి మీద ఎలక్ట్రానిక్ సిటీ, హెబ్బగోడి దాటగానే బొమ్మసంద్ర వస్తుంది. ఒకప్పుడు ఇది ఆనేకల్లు తాలూకాలో రాగిచేల నడుమ ఉన్న చిన్న ఊరు. పారిశ్రామిక వాడ వచ్చిన తరువాత దాని రూపం మారిపోయింది. పెద్ద ప్రహరీల వెనుక పెద్ద కర్మాగారాలు వెలిశాయి. వాటి పక్కనే రేకుల కప్పుతో చిన్న చిన్న షెడ్లు పుట్టుకొచ్చాయి. పెద్ద కర్మాగారానికి కావలసిన పిన్నులు, బుష్‌లు, వాల్వులు ఈ షెడ్లలోనే తయారయ్యేవి. అనంతపురం, చిత్తూరు, కోలారు ప్రాంతాల నుండి, కృష్ణగిరి, ధర్మపురి వైపు నుండి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు ఆ షెడ్లలో పనికి కుదిరేవారు. ఒకే కప్పు కింద కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ వినిపించేవి. మీలో చాలామంది తల్లిదండ్రులు ఇలాంటి చోటికే వచ్చి ఉంటారు.

నేను 1991లో పదవ తరగతి పూర్తిచేసి మడకశిర దగ్గరి మా ఊరి నుండి బొమ్మసంద్రకు వచ్చాను. మా మేనమామ అక్కడ ఒక షెడ్డులో మేస్త్రి. పగలు లేతు పని, సాయంత్రాలు పాత డీజిలు ఇంజన్ల మరమ్మతు. చుట్టుపక్కల పల్లెల్లో బావుల దగ్గర నీళ్ళు తోడే ఇంజన్లు చెడిపోతే రైతులు వాటిని ట్రాక్టరు మీదనో, ఎద్దుల బండి మీదనో వేసుకొని మామ దగ్గరికి తెచ్చేవారు.

మొదటి నెల నాకు పనిముట్లు అందించడం, కిరసనాయిలుతో భాగాలు కడగడం తప్ప వేరే పని లేదు. కాని కడిగిన ప్రతి భాగానికీ పేరేమిటో, అది ఏం చేస్తుందో మామ చెప్పేవాడు. “పేరు తెలియని వస్తువును చేత్తో పట్టుకోవద్దురా, అది నీ మాట వినదు” అనేవాడు. అలా విన్నదే ఇక్కడ మీకు కొంచెం చెబుతాను.

డీజిలు ఇంజనులో అన్నిటికన్నా ముఖ్యమైనది సిలిండరు. ఇది ఉక్కపోతగా మూసిన గుండ్రని గది. అందులో పైకీ కిందికీ కదిలే ముంత లాంటి భాగం పిస్టను. పిస్టను చుట్టూ ఇనుప రింగులు ఉంటాయి. పిస్టనుకూ గోడకూ మధ్య సందులోంచి గాలి జారిపోకుండా అవి కాపు కాస్తాయి. పిస్టను కదలికను కనెక్టింగు రాడ్డు కిందికి చేరవేస్తుంది. కింద ఉన్న క్రాంకు షాఫ్టు ఆ పైకీ కిందికీ కదలికను గుండ్రటి తిరుగుడుగా మారుస్తుంది. తిరగలి పిడిని పట్టుకొని చేయి ముందుకూ వెనక్కూ ఆడిస్తే రాయి గుండ్రంగా తిరుగుతుంది కదా, ఇదీ అలాంటిదే.

పెట్రోలు ఇంజనులో మంట రాజేయడానికి నిప్పురవ్వ కావాలి. డీజిలు ఇంజనుకు అక్కర లేదు. పిస్టను గాలిని బాగా నొక్కేసరికి ఆ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిలు డీజిలును పొగమంచులా చిమ్ముతుంది. చిమ్మిన వెంటనే అది దానంతటదే అంటుకుంటుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. ఆ చిన్న సంగతిని పెద్ద యంత్రంగా మార్చినవాడు రుడాల్ఫ్ డీజిల్. ఆయన 1858లో పారిస్‌లో పుట్టిన జర్మను ఇంజనీరు. చక్కగా పనిచేసిన ఆయన ఇంజను 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో తయారైంది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఇలాంటి ఒక చిన్న ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఈ ముక్క చెప్పినప్పుడు మామ నా వైపు చూసి నవ్వాడు. “మన అనంతపురం చెనక్కాయ నూనె పోసినా తిరుగుతుందన్నమాట” అన్నాడు.

ఆ సంవత్సరం వేసవిలో జరిగిన ఒక సంగతి ఇంజన్ల గురించి నాకు చాలా నేర్పింది.

ఆనేకల్లు వైపు పల్లె నుండి ఒక పెద్దాయన ట్రాక్టరు మీద రెండు ఇంజన్లు తెచ్చాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు. ఆయనకు ఎకరం మల్బరీ తోట ఉంది. అప్పు చేసి పట్టు పురుగులు పెంచుతున్నాడు. పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి చివరి దశకు వస్తున్నాయి. పట్టు పురుగు తన జీవితం మొత్తంలో తినే ఆకులో చాలా భాగం ఆ చివరి ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. ఆకు తాజాగా ఉండాలి. తడి లేక వాడిన ఆకు వేస్తే పురుగు సరిగా తినదు, గూడు సరిగా కట్టదు. సరిగ్గా ఆ సమయంలో ఆయన ఇంజను ఆగిపోయింది.

“బావిలో ఊట బాగుంది మేస్త్రీ. పైకి తెచ్చే దిక్కే లేదు” అన్నాడు పెద్దాయన.

ధార్వాడ వైపు నుండి వచ్చిన మా లేతు పనివాడు ఆ మాట విని ఆశ్చర్యపోయాడు. కన్నడంలో ఊట అంటే భోజనం. బావిలో భోజనం బాగుండటమేమిటని అతను అడిగితే, ఎంతో దిగులుతో వచ్చిన పెద్దాయన కూడా నవ్వేశాడు. ఆ రెండు మాటలకూ రూపం ఒకటే, లోపలి అర్థం వేరు.

పెద్దాయన తెచ్చిన రెండు ఇంజన్లూ అలాగే ఉన్నాయి. రెండూ కిర్లోస్కరు వారివే. రెండూ ఒకే సిలిండరు ఉన్నవి, నీటితో చల్లబడేవి, నిమిషానికి 1500 చుట్లు తిరిగేవి. ఒకటి ఆయన సొంతది, ఐదు గుర్రాల శక్తి గల ఏవీ1. రెండవది అల్లుడి దగ్గర తెచ్చినది, ఏడు గుర్రాల శక్తి గల టీవీ1. దుమ్ము, నూనె పట్టి ఉన్నప్పుడు దూరం నుండి చూస్తే ఒక తల్లి బిడ్డలే అనిపించేవి. చిన్నదాని సిలిండరు గోడ గీతలు పడి అరిగిపోయింది, క్రాంకు షాఫ్టు మాత్రం బాగుంది. పెద్దదాని సిలిండరు బాగుంది, క్రాంకు షాఫ్టు విరిగింది.

“రెండూ ఒకే కంపెనీవి. రెండింటి స్ట్రోకూ ఒకటేనట. చిన్నదాని షాఫ్టు పెద్దదానికి వేసేయ్ మేస్త్రీ. ఖర్చూ తగ్గుతుంది, నీళ్ళూ ఎక్కువ వస్తాయి. మా ఊళ్ళో ఒకాయన చెప్పినాడు” అన్నాడు పెద్దాయన.

మామ అవుననలేదు, కాదనలేదు. చేతులు తుడుచుకొని, “కొలుద్దాం పెద్దాయనా. కొలిచినాక మాట్లాడదాం” అన్నాడు. నా చేతికి పుస్తకం, పెన్సిలు ఇచ్చి చెప్పింది రాసుకోమన్నాడు.

మొదట సిలిండర్ల లోపలి వ్యాసం కొలిచాడు. దీన్నే పనివాళ్ళు బోరు అంటారు. కొత్తగా ఉన్నప్పుడు ఏవీ1 బోరు 80 మిల్లీమీటర్లు, టీవీ1 బోరు 87.5 మిల్లీమీటర్లు. మామ బోరు గేజిని ఒక్క చోట పెట్టి ఊరుకోలేదు. పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచాడు. ప్రతి చోటా గేజిని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పి చూశాడు. చిన్న ఇంజను సిలిండరు కిందిభాగంలో కొత్తదానిలాగే ఉంది. పైభాగంలో మాత్రం దాదాపు అర మిల్లీమీటరు అరిగిపోయింది. పిస్టను పైకి వచ్చి వెనుదిరిగే చోట మంట వేడి ఎక్కువ, నూనె తక్కువ. అందుకే అరుగుదల అక్కడే ఎక్కువ. పైగా గాలి జల్లెడలో నూనె మార్చకపోవడం వల్ల పొలం దుమ్ము లోపలికి పోయి సానరాయిలా గోడను తినేసింది.

తరువాత స్ట్రోకు చూశాడు. పిస్టను కింది కొస నుండి పై కొస వరకు కదిలే దూరమే స్ట్రోకు. విరిగిన షాఫ్టుతో పిస్టనును తిప్పి చూడలేం కదా, ఎలా కొలుస్తాడా అని నేను చూస్తున్నాను. మామ షాఫ్టు నడిమి ఇరుసు కేంద్రం నుండి రాడ్డు పట్టుకొనే పిన్ను కేంద్రం దాకా ఉన్న దూరం కొలిచాడు. 55 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ పిన్ను కేంద్రం చుట్టూ తిరుగుతూ 55 పైకీ, 55 కిందికీ పోతుంది. కాబట్టి స్ట్రోకు 110. రెండవ షాఫ్టుకూ అదే లెక్క వచ్చింది.

పెద్దాయన ముఖం విప్పారింది. “చెప్పలా! ఒకటే కదా!”

“స్ట్రోకు ఒకటే. ఇంకా తొమ్మిది కొలతలు ఉన్నాయి” అన్నాడు మామ.

ఇరుసుల మందం, పిన్ను వెడల్పు, నూనె పోయే రంధ్రం ఉన్న చోటు, ఫ్లైవీలు కూర్చునే కొస, ఇలా ఒక్కొక్కటీ చెబుతుంటే నేను రాస్తూ పోయాను. చివరికి రెండు పిస్టన్లనూ కడిగించి, పక్క షెడ్డు నుండి త్రాసు తెప్పించి తూచాడు. పెద్ద ఇంజను పిస్టను సహజంగానే బరువెక్కువ. అక్కడ మామ ఆగిపోయాడు.

“చూడు పెద్దాయనా. ఈ షాఫ్టుకు వెనుకవైపు ఇనుప దిమ్మ ఉంది కదా. ఇది ఎందుకు పెట్టినారు? ముందువైపు పిస్టను, రాడ్డు ఊగుతుంటే దానికి సరిదూగడానికి. సెకనుకు ఇరవై ఐదు చుట్లు తిరుగుతుంది ఇది. పిస్టను బరువు మారితే ఈ దిమ్మ కూడా దానికి తగ్గట్టు ఉండాల. ఈ షాఫ్టు ఆ పిస్టనుకు పనికొస్తుందని కంపెనీ కాగితం చెప్పాల, ఈ రెండింటి పార్టు నంబర్లు కలవాల. నా దగ్గర ఆ కాగితం లేదు, నంబర్లూ కలవలేదు. దూరింది కదా అని వేసేస్తే ఈ రోజు తిరుగుతుంది. నీ పురుగులు గూడు కట్టే రోజుకు తిరుగుతుందని నేను మాట ఇవ్వలేను.”

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పు తీర్చాల్సిన గడువు, ఇంట్లో తట్టల నిండా పురుగులు, ఎండుతున్న తోట, ఇవన్నీ ఆయన కళ్ళలో కనిపించాయి. తక్కువ ఖర్చుతో పని అయిపోతుందని నమ్మి వచ్చిన మనిషికి కాదని చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మామకు ఆ సాయంత్రం సంపాదన మీద చూపుంటే చెప్పినట్టు చేసి డబ్బు తీసుకొని పంపించి ఉండవచ్చు.

మామ ఇంకో దారి చెప్పాడు. చిన్న ఇంజను షాఫ్టు బాగుంది. సిలిండరు లోపల ఉన్న లైనరు అనే గొట్టాన్ని బయటికి తీయవచ్చు. కొత్త లైనరు, దానికి జతగా వచ్చే కొత్త పిస్టను, రింగులు వేస్తే ఆ ఇంజను కొత్తదానిలా అవుతుంది. నీళ్ళు ఏడు గుర్రాలవి రావు, ఐదు గుర్రాలవే వస్తాయి. కాని రేపు సాయంత్రానికి వస్తాయి. పెద్ద ఇంజనుకు సరైన షాఫ్టు దొరికాక దాని సంగతి చూడవచ్చు. పెద్దాయన తలూపాడు.

మరునాడు తెల్లవారుజామున బస్సెక్కి నగరంలోకి వెళ్ళి మేము ఆ సెట్టు తెచ్చాము. కొత్త వస్తువే కదా అని మామ దాన్ని నమ్మేయలేదు. దాన్నీ కొలిచాడు. పాత లైనరు లాగి, నీళ్ళ తుప్పు గీకి, కొత్తదాని కింది అంచుకు రబ్బరు రింగు తొడిగి దించాడు. తల బిగించే ముందు నాకు ఒక చిత్రం చూపించాడు. పిస్టను నెత్తి మీద సన్నని సీసపు తీగ ముక్క పెట్టి, తల బిగించి, ఫ్లైవీలును చేత్తో ఒక చుట్టు తిప్పాడు. మళ్ళీ విప్పి తీస్తే తీగ అప్పడంలా నలిగి ఉంది. ఆ నలిగిన మందమే పిస్టను పై కొసకు వచ్చినప్పుడు తలకూ దానికీ మధ్య మిగిలే సందు. అది తక్కువైతే పిస్టను తలకు కొట్టుకుంటుంది, ఎక్కువైతే గాలి చాలినంత వేడెక్కదు. కంటికి కనిపించని చోటును మామ ఒక తీగ ముక్కతో కొలిచాడు.

చీకటి పడే వేళకు ఇంజను సిద్ధమైంది. పెద్దాయనే హ్యాండిలు తిప్పాడు. మూడవసారి లీవరు వదలగానే ఇంజను అందుకుంది. అది ఒక లయగా కొట్టుకుంటుంటే ఆయన దాని పక్కనే నిలబడి, గుండె చప్పుడు వినే వైద్యుడిలా విన్నాడు. మూడు వారాల తరువాత ఒక బస్తా రాగులతో మళ్ళీ వచ్చాడు. గూళ్ళు రామనగరం మార్కెట్టులో అమ్ముడుపోయాయనీ, అప్పు తీరిందనీ చెప్పాడు. పెద్ద ఇంజనుకు పార్టు నంబరు సరిపోయిన షాఫ్టు ఆ తరువాత దొరికింది. అదీ బాగుపడింది.

ఆ రాగుల బస్తా వచ్చిన రాత్రి నేను మామను ఒక ప్రశ్న అడిగాను. “80కీ 87.5కీ తేడా ఏడున్నర మిల్లీమీటర్లే కదా మామా. దానికే ఐదు గుర్రాలు ఏడు ఎలా అయినాయి?”

మామ సుద్దముక్క తీసుకొని షెడ్డు నేల మీద లెక్క వేశాడు. మీరూ మీ పుస్తకంలో వేసి చూడండి. పిస్టను ఒక కొస నుండి మరో కొసకు కదిలినప్పుడు ఎంత చోటును ఊడుస్తుందో అదే ఆ సిలిండరు పరిమాణం. దీన్నే మనం సీసీలలో చెబుతాం. సీసీ అంటే ఘనపు సెంటీమీటరు. వ్యాసార్ధాన్ని దానితోనే గుణించి, పై విలువతో గుణిస్తే వృత్తం వైశాల్యం వస్తుంది. దాన్ని స్ట్రోకుతో గుణిస్తే పరిమాణం వస్తుంది. ఏవీ1కు 8 సెంటీమీటర్ల వ్యాసం, 11 సెంటీమీటర్ల స్ట్రోకు, కాబట్టి 553 సీసీ. టీవీ1కు 8.75 సెంటీమీటర్ల వ్యాసం, అదే 11 సెంటీమీటర్ల స్ట్రోకు, కాబట్టి 661 సీసీ. వ్యాసం పదింట ఒక వంతు కూడా పెరగలేదు. పరిమాణం మాత్రం ఐదింట ఒక వంతు పెరిగింది. వ్యాసాన్ని దానితోనే గుణిస్తాం కాబట్టి చిన్న తేడా రెండింతలుగా కనిపిస్తుంది.

కాని లెక్క అక్కడితో ముగియలేదు. పరిమాణం నూటికి 20 వంతులు పెరిగితే శక్తి 5 నుండి 7కు, అంటే నూటికి 40 వంతులు పెరిగింది. మిగిలింది ఎక్కడి నుండి వచ్చింది? గాలిని నొక్కడంలో కూడా తేడా ఉంది. చిన్న ఇంజను తన గాలిని 16.5 వంతుల నుండి ఒక వంతుకు నొక్కుతుంది. పెద్దది 17.5 వంతుల నుండి ఒక వంతుకు నొక్కుతుంది. చిన్నదానిలో అర లీటరుకు మించిన గాలి అంతా చివరికి సుమారు 36 సీసీల చోటులో ఇరుక్కుంటుంది. అది ఏడు టీ చెంచాల నీళ్ళు పట్టే చోటు. పెద్దదానిలో ఆ చోటు సుమారు 40 సీసీ, ఎనిమిది చెంచాలు. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ డీజిలును మండించవచ్చు. ఆ డీజిలును కొలిచి, సరైన క్షణంలో పంపే పంపు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. అలాంటి పంపులు తయారుచేసే మైకో కంపెనీ 1951లో మన బెంగుళూరులోనే మొదలైంది. 2008 నుండి దాని పేరు బాష్. అంటే పిస్టను మార్చితే లైనరు, దాని బరువుకు తగిన షాఫ్టు, పంపు కొలత, అన్నీ మారాలి. ఇంజనులో ఏ భాగమూ ఒంటరిది కాదు.

తరువాతి సంవత్సరాల్లో లారీ ఇంజన్లు విప్పే పని వచ్చినప్పుడు ఈ బంధుత్వాలు ఇంకా బాగా అర్థమయ్యాయి. టాటా లారీల ఇంజన్లకు 697, 497 అని పేర్లు ఉండేవి. అవి వట్టి అంకెలని చాలామంది అనుకునేవారు. నిజానికి అవి ఇంజను కొలతలే. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తరువాతి రెండంకెలు మిల్లీమీటర్లలో బోరు. 697 అంటే 97 మిల్లీమీటర్ల బోరుతో ఆరు సిలిండర్లు. సుమోలో వచ్చిన 483 అంటే 83 మిల్లీమీటర్ల బోరుతో నాలుగు సిలిండర్లు. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సంస్థతో చేయి కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969 వరకు సాగింది. 697 బోరు, స్ట్రోకు రెండూ బెంజ్ వారి ఓఎం352 ఇంజనువే. 97 బోరు, 128 స్ట్రోకు. ఆరు సిలిండర్లకు కలిపి 5675 సీసీ.

అదే 97 బోరు, 128 స్ట్రోకుతో నాలుగు సిలిండర్ల 497 కూడా ఉంది. దాని పరిమాణం 3783 సీసీ, అంటే సరిగ్గా ఆరింట నాలుగు వంతులు. ఒక్కొక్క సిలిండరును చూస్తే రెండూ ఒకే కొలత. కాని కింద క్రాంకు షాఫ్టును చూడండి. ఆరు సిలిండర్లదానిలో పిన్నులు 120 డిగ్రీల తేడాతో మూడు వైపులకు ఉంటాయి. నాలుగు సిలిండర్లదానిలో 180 డిగ్రీల తేడాతో రెండు వైపులకే ఉంటాయి. అందుకే ఆరు సిలిండర్లది నెమ్మదిగా, అదురు లేకుండా తిరుగుతుంది. నాలుగు సిలిండర్లది కొంత అదురుతుంది. పంపు కూడా ఒకదానికి ఆరు గొట్టాలకు డీజిలు పంపాలి, రెండవదానికి నాలుగు గొట్టాలకే.

ఇంకో సంగతి కూడా ఉంది. 407 లారీలో 497 పేరుతోనే వచ్చిన ఇంజను పరిమాణం 2956 సీసీ. అందులో బోరు 97 అయినా స్ట్రోకు 100 మాత్రమే. పేరు ఒకటి, బోరు ఒకటి, మనిషి మాత్రం వేరు. స్ట్రోకు మారితే క్రాంకు షాఫ్టు మారుతుంది. పిస్టనులో పిన్ను రంధ్రం నుండి నెత్తి వరకు ఉన్న ఎత్తు, రాడ్డు పొడవు కూడా చూసుకోవాలి. బోరులోకి పిస్టను చక్కగా దూరినంత మాత్రాన అది ఆ ఇంజనుదని అనుకోకూడదు. కొలత చూడకుండా దూరిందని బిగించినవాడికి ఆ సంగతి ఇంజను తిరిగే వరకు తెలియదు, తిరిగాక తెలిసినా లాభం లేదు.

బొమ్మసంద్రకు దగ్గరలోనే హోసూరులో 1980లో అశోక్ లేలాండు కర్మాగారం వచ్చింది. వారి పాత ఇంజన్ల పేర్లు ఇంకో పద్ధతిలో ఉండేవి. 370, 400, 680 అనే అంకెలు సిలిండర్లన్నిటి మొత్తం పరిమాణాన్ని ఘనపు అంగుళాలలో చెబుతాయి. ఒక ఘనపు అంగుళం 16.4 సీసీ. కాబట్టి 400 అంటే సుమారు ఆరున్నర లీటర్లు. ఒకరు బోరుతో పేరు పెట్టారు, మరొకరు పరిమాణంతో పెట్టారు. ఒకరిది మిల్లీమీటరు, మరొకరిది అంగుళం. అంకెను చూసిన వెంటనే అది ఏ లెక్కలో చెప్పినదో అడగాలి. లేకపోతే 697 ఇంజను 400 కన్నా పెద్దదని అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి చిన్నదే.

అసలు ఒకే కుటుంబానికి చెందిన ఇంజన్లు ఎందుకు తయారుచేస్తారు? ఒకే కొలత గల సిలిండరును ఒకసారి బాగా రూపొందిస్తే నాలుగు పెట్టి చిన్న లారీకి, ఆరు పెట్టి పెద్ద లారీకి ఇంజను చేయవచ్చు. ఆ బోరు చేసే యంత్రాలు, కొలిచే గేజిలు మళ్ళీ కొననక్కర లేదు. మా షెడ్డు లాంటి చిన్న చోట్ల ఒకే బొమ్మ చూసి వేల పిన్నులు చేయవచ్చు. బాగుచేసేవాడు ఒకటి నేర్చుకుంటే రెండవది సగం వచ్చినట్టే. ఈ బంధుత్వం మనకు మేలు చేస్తుంది. మిగిలిన సగాన్ని కూడా వచ్చిందనుకుంటేనే చేటు.

మన చుట్టూ ఉన్న భాషల సంగతీ కొంత ఇంతే. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. తెలుగు చదివిన పిల్లవాడు కన్నడ బోర్డును సగం చదివేస్తాడు. మిగిలిన సగం కోసం కూర్చొని నేర్చుకోవలసిందే. మా షెడ్డులో ఒకరి మాట ఒకరికి అర్థం కాని రోజులు ఉండేవి. అప్పుడు మైక్రోమీటరును మధ్యలో పెట్టేవాళ్ళం. 80 అంటే అందరికీ 80. ఆ తరువాత నెమ్మదిగా ఒకరి మాటలు ఒకరం నేర్చుకున్నాం. ఊట అనే మాట వచ్చినప్పుడల్లా “బావిదా, కంచందా?” అని అడగడం మా షెడ్డులో ఒక ఆచారమైపోయింది.

ఇప్పుడు బొమ్మసంద్ర చాలా మారింది. 2025 ఆగస్టు 10న ఆర్.వి. రోడ్డు నుండి బొమ్మసంద్ర వరకు మెట్రో రైలు మొదలైంది. ఒకప్పుడు జాతీయ రహదారి 7గా ఉన్న ఆ రోడ్డుకు ఇప్పుడు 44 అనే సంఖ్య ఉంది. 2020 ఏప్రిల్ నుండి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. కొత్త లారీ ఇంజన్లలో డీజిలును ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. చాలా బావుల దగ్గర కరెంటు మోటార్లు, కొన్నిచోట్ల సౌరశక్తి పంపులు తిరుగుతున్నాయి. డీజిలు ఇంజను పొగ ఊపిరికి మంచిది కాదు కాబట్టి ఈ మార్పు రావలసిందే. అయినా షాఫ్టు, బేరింగు, పిన్ను, గేజి లేని యంత్రం ఏదీ లేదు. వాటిని చేసేవారు, కొలిచేవారు ఎప్పుడూ కావాలి.

మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు, కొందరు మేస్త్రీలు అవుతారు, కొందరు వేరే పనులు చేస్తారు. ఏ పని చేసినా ఒకేలా కనిపించే రెండు వస్తువులు మీ ముందుకు వస్తాయి. “రెండూ ఒకటే, వేసేయ్” అని తొందరపెట్టేవారూ వస్తారు. వారు చెడ్డవారని కాదు. వారి తోట ఎండుతూ ఉంటుంది, వారికి ఆ తొందర ఉంటుంది. అప్పుడు మీ చేతిలో కొలబద్ద ఉండాలి. కొలిచిన తరువాత కాదనవలసి వస్తే, మా మామలాగా, దానితో పాటు చేయదగిన పని ఏదో కూడా చెప్పగలగాలి. మా షెడ్డు గోడ మీద మామ నూనె మరకల నడుమ సుద్దతో ఒక మాట రాసి ఉంచాడు. తెలుగులో రాసి, కింద కన్నడంలోనూ రాయించాడు: “ముందు కొలువు, తరువాత బిగించు.”